రాతిపువ్వు, చిమ్మట, ఒక తొట్టి నీళ్ళు

1,388వ రోజు

తొట్టిలో నీళ్ళు ఈ ఉదయం అరవై ఒక్క అంగుళాలు. పోయిన వారం ఇదే రోజు డెబ్బై ఉన్నాయి. గొట్టాలు ఎక్కడైనా కారుతున్నాయేమోనని ఊట దగ్గర్నుంచి పంపు గది దాకా చేత్తో తడుముకుంటూ వచ్చాను. ఎక్కడా తడి తగల్లేదు. ఊటే సన్నబడింది.

జల్లిమెట్టకు పొగమంచు తనంతట తాను రావడం మానేసి పదకొండేళ్ళయింది. ఇప్పుడు ఇక్కడ మంచు అంటే నేను వదిలేదే. పంపు గదిలోంచి రెండు గొట్టాలు బయలుదేరతాయి. ఒకటి తూర్పు బండకు వెళ్తుంది. ఆ బండ మీద రాతిపువ్వు ఉంది. రెండోది పడమటి లోయలో కరక చెట్ల కిందికి వెళ్తుంది. అక్కడ ఎండుటాకుల మధ్య బూదికంటి చిమ్మట గూళ్ళున్నాయి. మధ్యాహ్నం పన్నెండుకు ఒకసారి, సాయంత్రం ఐదుకు ఒకసారి మీట తిప్పితే గొట్టాల చివరి మూతల్లోంచి నీళ్ళు పొగలా లేస్తాయి. ఆ మూతల రంధ్రాల్లో సున్నం పేరుకోకుండా సూదితో పొడవడం నా ఉదయపు పని. నూట ముప్ఫై మూతలు.

ఈ రెండు ప్రాణులూ ఈ కొండ మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదని మా జీవుల నమోదు కార్యాలయం అంటుంది.

రేడియోలో రుక్సానా గారికి తొట్టి సంగతి చెప్పాను. ఆవిడ బొబ్బిలి నీడపట్టణంలో కూర్చుని మా తొమ్మిది కొండలనూ చూసుకుంటారు. నాలుగేళ్ళుగా రోజూ ఉదయం ఏడింటికి ఇరవై నిమిషాలు ఆవిడ గొంతు వింటున్నాను. మనిషిని ఎన్నడూ చూడలేదు.

"వానలకు ఇంకా ఎన్నాళ్ళుంది పైడితల్లి గారూ?"

"రెండు నెలలనుకోండి మేడం. వస్తే."

కాగితం మీద కలం గీసిన చప్పుడు వినిపించింది.

"రెండు గొట్టాలకూ చాలవు. మన కార్యాలయం మండలికి చెప్పక తప్పదు. ఏదో ఒకదాన్నే ఉంచమంటారు" అన్నారు.


1,392వ రోజు

ఎగిరే పెట్టె వచ్చింది. బియ్యం, కందిపప్పు, ఉప్పు, రెండు పంపు వాషర్లు, ఒక పోలిక పత్రం. పత్రంలో పద్నాలుగు ప్రశ్నలు, ఎదురుగా రెండు నిలువు గళ్ళు. ఎడమ గడి రాతిపువ్వుది, కుడి గడి చిమ్మటది. నిలయ సంరక్షకురాలు, అంటే నేనే, స్వయంగా చూసి నింపాలని పైన అచ్చు వేశారు.

నేను చదివింది పదో తరగతి. నీడపట్టణంలో పదహారేళ్ళు పంపు గదిలో పనిచేశాను. ఊరంతటికీ వేసిన పైకప్పు కింద అన్ని లక్షల మంది మాట్లాడే హోరు భరించలేక ఈ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నాను. దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంది: మీ కోసం ఎదురుచూసేవారు ఎవరైనా ఉన్నారా? లేరు అని రాశాను. వారం తిరక్కుండానే ఉద్యోగం వచ్చింది.

అన్నం తిని పత్రం ముందు కూర్చున్నాను.

వయసు. రాతిపువ్వు ఏడాదికి మిల్లీమీటరున్నర పెరుగుతుంది. బండ మీది మచ్చ ఇప్పుడు ఇంటి తలుపంత ఉంది. ఆరువందల ఏళ్ళ పైమాటే అని రుక్సానా గారి లెక్క. చిమ్మటకు రెక్కలు వచ్చాక ఐదు రోజులు.

ఆహారం. రాతిపువ్వులో ఒకటి కాదు, రెండు ప్రాణులున్నాయి. బూజు జాతిదొకటి గోడలా నిలబడుతుంది, నాచు జాతిదొకటి లోపల ఉండి ఎండను తిండిగా మారుస్తుంది. వాళ్ళ కాపురంలో వంట ఒకరిది, ఇల్లు ఒకరిది. చిమ్మట పురుగుగా ఉన్నప్పుడు కరకాకు తింటుంది. రెక్కలు వచ్చాక దానికి నోరే ఉండదు.

కదలిక. రాతిపువ్వు కదలదు. చిమ్మట గూట్లో పది నెలలు కదలదు, తర్వాత ఆ ఐదు రోజులూ ఆగదు.

మనిషికి ఉపయోగం. ఎడమ గడిలో, ఒకప్పుడు మసాలాలో వేసేవారు అని రాశాను. కుడి గడిలో ఏం రాయాలో తోచలేదు. పోయిన ఏడు అవి లేచిన ఐదు రోజులూ నేను ఉదయాన్నే ముఖం కడుక్కుని, తల దువ్వుకుని లోయలోకి వెళ్ళాను. మిగతా రోజుల్లో దువ్వెన ఎక్కడుందో కూడా చూసుకోను. దాన్ని ఉపయోగం అంటారో లేదో తెలియక గీత గీసి వదిలేశాను.

పదకొండో ప్రశ్న: నీరు అందకపోతే కోలుకోగల శక్తి. చిమ్మట గూడు ఎండితే లోపలి ప్రాణం పోయినట్టే, అది నేను కళ్ళారా చూశాను. రాతిపువ్వు సంగతి తెలియదు. నేను వచ్చాక దానికి ఒక్క పూటైనా మంచు తప్పలేదు. అయినా పై అంచు మూడేళ్ళుగా తెల్లబడుతూనే ఉంది. ఆ గడి ఖాళీగా ఉంచాను.


1,394వ రోజు

సోంబ్రు తాత వచ్చాడు. ఈ కొండ మీద నేను కాక మిగిలిన మనిషి ఆయనొక్కడే. దిగువ ఊళ్ళన్నీ ఖాళీ చేయించినప్పుడు ఆయన చింతతోపులో దాక్కుని ఉండిపోయాడు. డెబ్బై ఎనిమిదేళ్ళుంటాయి. ఈమధ్య దగ్గు ఎక్కువైంది. అరమైలు ఎక్కడానికి తెల్లారిన దగ్గర్నుంచి ఇప్పటిదాకా పట్టిందట.

నేను పన్నెండు గంటల మంచు వదలడానికి తూర్పు బండ దగ్గర మీట మీద చెయ్యేసి ఉన్నాను. ఉష్ణోగ్రత నలభై నాలుగు. తాత బండ నీడన చతికిలబడి చూశాడు.

"ఏటమ్మీ, ఇంత మండుటెండలో దానికి నీలు పోత్తన్నావా?"

"ఎండకు మాడిపోకుండా, తాతా. కార్యాలయం వాళ్ళిచ్చిన వేళలు."

"మాడిపోద్దా?" నవ్వబోతే దగ్గొచ్చింది. ఊపిరి తీసుకుని చెప్పాడు. "నాను సిన్నప్పుడు మా అయ్యతో ఈ పువ్వు గీకడానికి వొచ్చీవోడిని. ఎప్పుడు గీకీవోలమో తెలుసా? వేసంగిలోనే. అప్పుడిది అప్పడంలాగ కరకరమంటాది. సచ్చిపోనాదనుకుంటాం. గీకగా ఉండిపోయిన తునకలు తొలకరి పడితే ఒక్క పూటలో పచ్చగైపోయీవి. ఎండినప్పుడు దానికి ఎండ ఏటీ సెయ్యదే. తడిసినప్పుడే దానికి బయ్యం. ఉడికిపోద్ది."

"మరి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వు సదువుకున్నదానివి. తెలిసే పోత్తన్నావనుకున్నాను."

మీట మీంచి చెయ్యి తీయలేదు. వేళ ప్రకారం తిప్పాను. నీళ్ళు పొగలా లేచి బండ మీద పడ్డాయి. వేడి బండ మీంచి ఆవిరి వచ్చింది. నాలుగేళ్ళుగా ఆ ఆవిరిని చూస్తున్నాను. ఇవాళ దాని వాసన పట్టించుకున్నాను. ఆకుకూర ఉడికిన వాసన.


1,397వ రోజు

సోంబ్రు తాతను తీసుకుపోయారు. అరవై అయిదు దాటినవాళ్ళు కొండల మీద ఉండకూడదని కొత్త ఉత్తర్వు వచ్చింది. బండిలో ఇద్దరు వచ్చారు. మర్యాదగానే మాట్లాడారు. నీడపట్టణంలో ఆయన కూతురు మంగ్లి ఉందని, ఆసుపత్రి దగ్గరని చెప్పారు. ఆయన ఈసారి దాక్కోలేదు. పరుగెత్తే ఓపిక ఉంటే దాక్కునేవాడే.

బండి ఎక్కించేటప్పుడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కడ పైకప్పేస్తారంట గదమ్మీ ఊరు మొత్తానికి. మబ్బు అవుపిస్తాదా?"

"కనబడదు తాతా."

"మరి వాన వొచ్చిందని ఎలాగ తెలుస్తాది వాల్లకి?"

తలుపు వేశారు.


1,400వ రోజు

రాతిపువ్వును గీకే అధికారం నాకు లేదు. కానీ బండ అడుగున తనంతట తాను రాలిన తునకలుంటాయి. నిన్న పదహారు ఏరుకొచ్చాను. ఎనిమిది తడిపి ఒక పళ్ళెంలో పెట్టాను, ఎనిమిది పొడిగా ఇంకో పళ్ళెంలో. రెండూ తీసుకెళ్ళి పంపు గది రేకు మీద మధ్యాహ్నమంతా ఉంచాను. తడి పళ్ళెంలో నీళ్ళు ఇగిరినప్పుడల్లా మళ్ళీ చిలకరించాను. రేకు మీద యాభై మూడు డిగ్రీలు చూపించింది.

ఇవాళ తెల్లవారాక రెండు పళ్ళేలనూ నీడలో పెట్టి చల్లటి నీళ్ళు చల్లాను. పొడిగా ఉంచినవాటిలో ఏడు నేను చూస్తుండగానే ముడుచుకున్న అంచులు విప్పుకుని పచ్చబడ్డాయి. తడిపినవాటిలో ఒక్కటే పచ్చబడింది. మిగతా ఏడూ గోధుమరంగులో మెత్తగా చేతికి అంటుకున్నాయి.

పళ్ళేలు పక్కకు పెట్టి గడప మీద కూర్చున్నాను. నాలుగేళ్ళు రోజూ పన్నెండింటికి, పండక్కి కూడా మానకుండా, నేను చేసిన పని ఇది.


1,402వ రోజు

రుక్సానా గారికి అంతా చెప్పాను. మధ్యలో ఆపకుండా విన్నారు.

"ఎనిమిదీ ఎనిమిదీ పదహారు తునకలు. మండలి ఇది ఒప్పుకోదు పైడితల్లి గారూ. రాలిపోయిన తునక వేరు, బండ మీద బతికున్నది వేరు అంటారు."

"మరి ఏ బండ మీద చేసి చూపించను? ఉన్నది ఒక్కటేగా మేడం."

"నిన్న సమావేశం అయిపోయింది." గొంతు తగ్గించారు. "రాతిపువ్వునే ఉంచాలన్నారు. ఆరువందల ఏళ్ళది, పోతే మళ్ళీ రాదని. ఎల్లుండి నుంచి లోయ గొట్టం మూసేసి ఆ నీళ్ళు కూడా బండకే వదలాలి. మధ్యాహ్నం మంచు రెట్టింపు."



"అలా చేస్తే లోయలో గూళ్ళు పది రోజుల్లో ఎండిపోతాయి. బండ మీదది ఉడికిపోతుంది. రెండూ పోతాయి మేడం."

"నాకు మీ మాట నిజమే అనిపిస్తోంది. కానీ అనిపించిందని రాయలేను."

ఇరవై నిమిషాలు అయిపోయాయి.


1,404వ రోజు

ఉదయం పదకొండున్నరకు తూర్పు బండ మీట కట్టేశాను. లోయ గొట్టం తెరిచే ఉంచాను. సాయంత్రం ఐదుకు కూడా బండ సెగ తగ్గదు, పైగా రెండింటికీ నీళ్ళు చాలవు. మీట తిప్పడానికి అర నిమిషం పట్టింది. తర్వాత రెంచి కింద పెట్టి అక్కడే నిలబడ్డాను. నా లెక్క తప్పయితే ఆరువందల ఏళ్ళ ప్రాణాన్ని దాహంతో చంపినదాన్ని అవుతాను. తునకలతో చేసిన పరీక్ష ఒక్క మధ్యాహ్నానిది. బండ ముందు నలభై అయిదు మధ్యాహ్నాలున్నాయి.

రేపు ఏడింటికి చెప్తాను.


1,405వ రోజు

చెప్పాను.

"ఈ మాట రేడియోలో అనకండి పైడితల్లి గారూ" అన్నారు రుక్సానా గారు. "అంటే నేను నమోదు చెయ్యాలి."

"చెయ్యండి మేడం. పేరు స్పష్టంగా రాయండి."


1,409వ రోజు

మండలి ఉత్తర్వు. నా మీద విచారణ. వానలు మొదలయ్యాక కొత్త సంరక్షకుడిని పంపుతారు, బండి వచ్చేదాకా నేనే ఉండాలి. విచారణ ముగిసేవరకు రేడియోలో అంకెలు తప్ప వేరే మాటలు కూడదు. రోజుకు రెండు నిమిషాలు.

ఒకందుకు నయం. మనిషిని పంపి మీట తెరిపిస్తారేమో అనుకున్నాను. ఈ ఎండల్లో దానికోసం ఎవరూ పైకెక్కరని తేలింది.


1,417వ రోజు

తొట్టి ముప్ఫై మూడు. లోయలో తేమ డెబ్బై శాతం. ఇవే నేనివాళ పైకి పలికిన మాటలు.

రాతిపువ్వు బూడిదరంగుకు తిరిగింది. అంచులు పైకి ముడుచుకున్నాయి. వేలితో తాకితే గలగలమంది. వెంటనే చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

కుక్కర్ కూత వేసినప్పుడు "ఆఁ, వస్తున్నా" అన్నాను. అన్నాక, పలికిన మాటలు ఇంకో రెండు పెరిగాయని ఇక్కడ దిద్దుతున్నాను.


1,424వ రోజు

పన్నెండు అవుతుంటే కాళ్ళు వాటంతట అవే బండ వైపు నడిచాయి. మీట పట్టుకున్నాను. తొట్టిలో నీళ్ళున్నాయి, ఒక్క బకెట్ చల్లితే ఏమవుతుంది అనిపించింది. దాన్ని అలా పడి ఉండగా చూడలేకే తప్ప, దాని మేలు కోసం కాదని నాకు తెలుసు. మీట వదిలేసి, బండకు వీపు ఆనించి కూర్చున్నాను. రాయి చొక్కాలోంచి కాలింది. సోంబ్రు తాత ఉంటే తిట్టించుకోవచ్చు. తిట్టేవాళ్ళు కూడా లేకపోవడం ఎలా ఉంటుందో ఈ నెలలోనే తెలిసింది.


1,433వ రోజు

లేచాయి.

తెల్లవారి వెలుగు పడుతుండగా లోయలోకి దిగాను. కరక చెట్టు మొదట్లో ఒకటి గూడు చీల్చుకుని సగం బయటికొచ్చి ఉంది. రెక్కలు నలిగిన గుడ్డ పీలికల్లా తడిగా వేలాడాయి. అరగంటలో అరచేతంత విప్పుకున్నాయి. బూడిదరంగు రెక్కలు, ఒక్కోదాని మీద కన్నులాంటి గుండ్రటి మచ్చ. తర్వాత ఇంకోటి. తర్వాత నేను ఎటు చూడాలో తెలియనన్ని.

ఇరవై మూడు. అందులో ఆడవి తొమ్మిది. పోయిన ఏడు మొత్తం పదకొండే.

ఒకటి వచ్చి నా మోచేతి మీద వాలింది. ఎవరైనా ఇంటికొస్తే ముందు మంచినీళ్ళిస్తాం. దీనికి ఏం ఇవ్వను? నోరు లేదు. కదలకుండా నిలబడటం ఒక్కటే నేను చేయగలిగింది. మొహానికి చెమట పట్టి కళ్ళలోకి కారింది. తుడుచుకోలేదు. కొంతసేపటికి అదే లేచిపోయింది.

ఏడింటికి రేడియోలో చెప్పాను. "చిమ్మటలు ఇరవై మూడు. ఆడవి తొమ్మిది."

అవతల్నుంచి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. తర్వాత రుక్సానా గారు చాలా పద్ధతిగా, "నమోదు చేశాను. ఇరవై మూడు" అన్నారు. రెండు నిమిషాలు పూర్తయ్యేదాకా లైను కట్టెయ్యలేదు. అంకెలు ఇంకేమీ లేవు కనుక ఇద్దరం ఊరుకునే ఉన్నాం.


1,438వ రోజు

చివరిది ఇవాళ పడిపోయింది. కరకాకుల అడుగున గుడ్లు నాలుగు వందల పైన లెక్కపెట్టాను. లోయ ఖాళీగా ఉంది. ఇంటికొచ్చి పడుకున్నాను. వంట చెయ్యలేదు.


1,455వ రోజు

వాన. పగలు రెండు గంటలకు మొదలై సాయంత్రం దాకా పడింది. తొట్టిలో అప్పటికి మిగిలింది నాలుగంగుళాలు.

గొడుగు తీసుకోకుండా బండ దగ్గరికి పరుగెత్తాను. మొదటి పావుగంట ఏమీ కాలేదు. నీళ్ళు బూడిదరంగు మీంచి జారిపోయాయి. తర్వాత కింది మూల ఒకచోట రంగు మారింది. మొదట నా కళ్ళ భ్రమే అనుకున్నాను. ముడుచుకున్న అంచు మెల్లగా బండ మీదికి వాలింది. దాని పక్కది, దాని పక్కది. పచ్చదనం నా మోకాలి ఎత్తు నుంచి నడుము దాకా పాకింది. అక్కడ ఆగింది.

చీకటి పడేదాకా చూశాను. పై సగం మారలేదు.


1,459వ రోజు

రుక్సానా గారు వచ్చారు. కొత్త సంరక్షకుడిని దించడానికి వచ్చిన బండిలో ఆవిడా దిగారు. పొట్టి మనిషి, తెల్లజుట్టు, కళ్ళజోడుకు దారం కట్టుకున్నారు. నాలుగేళ్ళు విన్న గొంతు ఆ ముఖంలోంచి వస్తుంటే కాసేపు తలదించుకుని విన్నాను. అలా అయితేనే ఆవిడ అనిపించింది.

ముందు సోంబ్రు తాత కబురు చెప్పారు. దగ్గు తగ్గలేదట. వార్డులో నర్సులకు కొండ సంగతులు చెబుతున్నాడట. మంగ్లి రోజూ గంజి తెచ్చి పట్టిస్తుందట.

తర్వాత ఇద్దరం బండ దగ్గరికి నడిచాం. ఆవిడ చాలాసేపు వంగి చూశారు. ఇవాళ్టికి అయిదు రోజులు వాన పడింది. కింది సగం నిగనిగలాడుతోంది. పై సగం అలాగే ఉంది.

"మధ్యాహ్నం మంచు వేళలు అన్ని కొండల మీదా ఆపేశారు. మీ తునకల పరీక్ష మిగతా ఎనిమిది కొండల మీదా అక్కడి వేరే రకం రాతిపువ్వుల తునకలతో చేసి చూశారు. మీరన్నదే వచ్చింది" అన్నారు.

"మరి విచారణ?"

"ఆదేశం ధిక్కరించారుగా. ఆరు నెలలు ఉద్యోగానికి దూరం పెట్టారు." నా వైపు చూడకుండా అన్నారు. "విచారణ పత్రంలో ఇంకో గడి మిగిలింది. పై సగం ఎందుకు పోయింది? మీరు మీట కట్టకముందే, మధ్యాహ్నం నీళ్ళకే పోయిందని రాద్దాం. అడిగేవాళ్ళు ఎవరూ లేరు. ఆరు నెలలు కాస్తా మూడు అవుతాయి."

"అలా జరిగి ఉండొచ్చు. నేను ఎండబెట్టినందుకూ పోయి ఉండొచ్చు. నేను మీట కట్టిన రోజు పై అంచు తెల్లగా ఉంది. ఆ తెలుపు నడుము దాకా దిగలేదు."

"అయితే ఏమని రాయను?"

"తెలియదు అని రాయండి. 1,404వ రోజున పైడితల్లి నీళ్ళు కట్టేసింది, పై సగం ఎందుకు లేవలేదో ఆమెకు తెలియదు అని."

ఆవిడ కలం తీశారు. బండ మీద కాగితం ఆనించి, నేను చెప్పింది చెప్పినట్టు రాశారు.


1,460వ రోజు

తవుడు గారూ, నిలయం మీకు అప్పగిస్తున్నాను. మీరు బస్సు నడిపేవారని, భార్య పోయాక ఇటు వచ్చారని రుక్సానా మేడం చెప్పారు. పంపు మొదటిసారి దగ్గినట్టు చప్పుడు చేస్తే భయపడకండి, గాలి పట్టిందంతే. లోయలో ఎండుటాకులు ఊడ్చకండి. పురుగులు పుట్టాయి. పెద్దయ్యాక ఆ ఆకుల్లోకే దిగి గూళ్ళు కట్టుకుంటాయి.

రాతిపువ్వు పై సగం చచ్చిపోయిందని ఎవరైనా గీకెయ్యమంటే గీకకండి. నేను అయిదు రోజుల వానే చూశాను. మీకు మొత్తం వానాకాలం ఉంది, వచ్చే ఏడుది కూడా ఉంది. వారానికోసారి పొద్దున్న చల్లటివేళ వెళ్ళి చూడండి. ఒక్క తునక లేచినా తేదీ వేసి రాయండి. లేవకపోయినా రాయండి.

బండిలోంచి హారన్ కొడుతున్నారు. కింద ఈ పేజీలో సగం ఖాళీగా వదిలాను, మీ కోసం.